మూడో నంబరు కాగితం

"ఆ ముగ్గురి ఫైలు శుక్రవారానికల్లా నా బల్ల మీద ఉండాలి" అన్నారు లాయరమ్మ సోమవారం పొద్దున్నే, సంచీ భుజం మీంచి దించకుండానే. "శుక్రవారంతో నీకు మూడు నెలలు నిండుతాయి కదా. ఫైలు చూశాక నీ సంగతి చెప్తాను."

నా సంగతి అంటే నా ఉద్యోగం. మూడు నెలలు చూసి పనికొస్తాననుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. తొమ్మిదో తరగతి మధ్యలో చదువాపేసినదాన్ని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టడమే ఎక్కువ. అంతకుముందు నేను చేసినవన్నీ నిలబడి చేసే పనులే. బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టాను, మందుల గోదాములో అట్టపెట్టెలకు టేపు వేశాను. ఏ పనికి వెళ్ళినా మా బుడ్డిదాన్ని ఎవరికి అప్పజెప్పాలన్న గొడవ తెగేది కాదు. ఇక్కడ మూడున్నరకు వదిలేస్తారు. మా పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే పెద్దమ్మ సరిగ్గా నాలుగింటికి గుమ్మంలో నిలబడి, ఇంకా రాని తల్లుల కోసం వీధి చివరిదాకా కళ్ళెర్రజేసి చూస్తుంది. మూడున్నరకు వదిలే ఉద్యోగం నాలాంటిదానికి ఇంకొకటి దొరుకుతుందని నేను అనుకోను. అందుకే సోమవారం నుంచి నాకు అన్నం సయించలేదు.

ఆఫీసంటే కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు. లోపలి గది లాయరమ్మది. బయటి గదిలో నా బల్ల, గుమస్తా బాబాయ్ బల్ల, మధ్యలో ప్రతి పదో కాగితానికీ గొంతు పట్టేసినట్టు ఆగిపోయే ప్రింటరు. బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి వచ్చేపోయేవాళ్ళందరికీ బాబాయే. నాకు పని నేర్పింది ఆయనే.

ఇల్లు తమ పేరున మార్పించుకోవాలనుకునేవాళ్ళు లాయరమ్మను కలిసి వెళ్ళాక, ఏయే కాగితాలు కావాలో జాబితా వేసి వాళ్ళకు మెయిల్ పంపడం నా పని. వాళ్ళు ఫోన్లో ఫొటో తీసి తిరిగి పంపిస్తారు. నేను ప్రింటు తీసి, చిల్లులు పొడిచి, ఫైల్లో దారంతో కట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఒకాయన దస్తావేజుతో పాటు తన బొటనవేలిని కూడా సగం పేజీ మేర పంపిస్తాడు. ఒకావిడ పత్రాన్ని తలకిందులుగా పంపి, ‘మీ కంప్యూటరు తిప్పి చూడండి’ అని రాస్తుంది.

బాబాయ్ తన పద్ధతి మొదటి రోజే చెప్పేశాడు.

"కాగితం వచ్చిందా, జాబితాలోంచి ఆ వరస తీసెయ్. మిగిలినవే రావలసినవి. గుర్తు చేసేటప్పుడు మళ్ళీ హరికథంతా చెప్పకు. నంబరు రాస్తే చాలు. చదివేవాడికి విసుగు, రాసేదానికి చెయ్యి నొప్పి."

"నంబరు ఒక్కటే రాస్తే వాళ్ళకు తెలుస్తుందా బాబాయ్?"

"జాబితా వాళ్ళ దగ్గరుందిగా తల్లీ. చూసుకోరూ?"

సబబుగానే అనిపించింది.

ఆ ముగ్గురంటే ఒక అక్క, ఆవిడ చెల్లెలు, వాళ్ళ తమ్ముడు. వాళ్ళమ్మ పోయి ఏడాది. అమ్మ పేరునున్న ఇంటిని ముగ్గురి పేరునా మార్పించుకోవాలి. మెయిళ్ళకు జవాబిచ్చేది అక్క. ఆవిడ బడిలో కుట్టుపని నేర్పే టీచరు. నేను మొదటి మెయిల్‌లో ఏడు కాగితాలు అడిగాను. ఒకటి, ముగ్గురి గుర్తింపు కార్డులు. రెండు, ఇంటి పాత దస్తావేజు. మూడు, అమ్మగారి మరణ ధ్రువపత్రం. నాలుగు, వారసులు వీళ్ళేనని చెప్పే పత్రం. ఐదు, ఇంటి పన్ను రసీదు. ఆరు, ఇంటి కొలతల పటం. ఏడు, తమ్ముడి సమ్మతి పత్రం, ఆయన వేరే ఊళ్ళో ఉంటాడు కాబట్టి. అడుగున ఆఫీసు నమూనాలో ఎప్పుడూ ఉండే ముక్క ఒకటుంది: ‘అడిగిన పత్రములు మాత్రమే పంపగలరు. అదనపు పత్రములు పంపి గందరగోళము కలిగించరాదు.’

మర్నాడే కార్డులు, మరణ పత్రం వచ్చాయి. ఏదో గుడ్డ మీద పరిచి ఫొటో తీసినట్టున్నారు, అంచున పూల కుట్టు కనిపించింది. బాబాయ్ చెప్పినట్టు ఆ రెండు వరసలూ తీసేశాను.

అక్కణ్ణుంచే నా బుర్ర తిరగడం మొదలైంది.

కొన్నాళ్ళు చూసి, రావలసినవాటిలో రెండింటి నంబర్లు రాసి పంపాను. నేను అడిగింది పన్ను రసీదు, కొలతల పటం. వచ్చినవి మరణ పత్రం, వారసుల పత్రం. పొరపాటున పంపారనుకున్నాను. వారసుల పత్రం ఎలాగూ కావలసిందే కాబట్టి దాని వరస తీసేసి, కొలతల పటం కోసం మళ్ళీ రాశాను. మళ్ళీ మరణ పత్రమే వచ్చింది. ఈసారి వెనకవైపు కూడా ఫొటో తీసి పంపారు. వెనక ఏమీ లేదు, ఖాళీ. ఇంకోసారి, పన్ను రసీదుకీ పటానికీ కలిపి రాశాను. దస్తావేజు వచ్చింది, దాని వెంట మరణ పత్రం, ఈసారి ఎవరో అధికారి గుండ్రటి ముద్రతో. దస్తావేజు వచ్చిందన్న సంతోషంలో, నేను అడగనిది ఎందుకొచ్చిందని ఆలోచించలేదు. మంగళవారం, మిగిలిన మూడూ ఒకేసారి అడిగేశాను. ఒక్క గంటలో వచ్చాయి. కార్డులు, దస్తావేజు, మరణ పత్రం.

ఒకే మరణ పత్రం ఐదుసార్లు. అన్నీ ప్రింటు తీసి వరసగా పెట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. నాకు అక్షరాలొచ్చు గానీ కాగితాల భాష రాదేమో అనిపించింది. ఆఫీసుల్లో పన్ను రసీదు అన్నా మరణ పత్రం అన్నా ఒకటేనేమో, పదో తరగతిలో అది చెప్తారేమో అని కూడా అనుకున్నాను. ఎవరినైనా అడిగితే నవ్వుతారు. అడగకపోతే శుక్రవారం వచ్చేస్తుంది.

చివరికి బాబాయ్‌నే అడిగాను.

"కొందరంతే తల్లీ. ఇవ్వడం ఇష్టం లేక ఇలా తిప్పుతారు. తమ్ముడికీ అక్కలకీ పడదేమో."

"పడకపోతే ఇవ్వడం మానేస్తారు గానీ, ఇచ్చిందే మళ్ళీ మళ్ళీ ఇస్తారా?"

"ఇచ్చామని చెప్పుకోవద్దూ మరి!"

ఇది కూడా సబబుగానే అనిపించింది. ఆయన ఏది చెప్పినా నాకు సబబుగానే ఉంటుంది. అదే నా తిప్పలు.

బుధవారం లాయరమ్మ పిలిచి ఫైలు ఎందాకా వచ్చిందన్నారు. ఇంకా మూడు కాగితాలు రాలేదన్నాను.

"ఎన్నిసార్లు అడిగావు?"

"గుర్తు చేస్తూ నాలుగుసార్లు రాశానండీ. కానీ..."

"నాలుగుసార్లు చాలు. రాసుకో." ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ‘మీ నుండి తగిన సహకారము లభించనందున, శుక్రవారము తరువాత మీ ఫైలు మూసివేయబడును.’ నా బల్ల దగ్గరికొచ్చి, నా చేత్తోనే ఆ మెయిల్ పంపాను.

సాయంత్రం బుడ్డిదానికి అన్నం తినిపిస్తుంటే మా ఆయన వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. గ్రీజు చేతులు కడుక్కుంటూ నన్ను చూసి, "ఏమిటలా ఉన్నావు, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులాగా?" అన్నాడు.

"ఒక కాగితం అడిగితే ఇంకో కాగితం వస్తోందండీ. ఎన్నిసార్లు అడిగినా అదే."

"ఓస్, అంతేనా. నాలుగు నొక్కితే రెండుకు పోయే లిఫ్టులు నేను రోజూ చూస్తాను. మీట తప్పా, మోటారు తప్పా అని చూస్తాం ముందు."

"ఇక్కడ మీట ఎవరు?"

"నొక్కేది నువ్వేగా."

"అంటే తప్పు నాదేనంటారు."

"అబ్బా, నేను లిఫ్టు సంగతి చెప్పాను తల్లీ!" అని బుడ్డిదాని వైపు తిరిగాడు. "చూశావా, మీ అమ్మతో లిఫ్టు గురించి కూడా మాట్లాడకూడదు." అది పకపకా నవ్వి నోట్లో ముద్దంతా నా ఒళ్ళో ఊసేసింది.

గురువారం పదకొండింటికి ఆఫీసు ఫోను మోగింది. బాబాయ్ కింద ఫొటో కాపీల కోసం వెళ్ళాడు. లాయరమ్మ కోర్టులో ఉన్నారు. నేనే ఎత్తాను.

"మీ ఆఫీసులో మెయిళ్ళు రాసేదెవరండీ?" ఆడ గొంతు, నిదానంగా ఉంది.

"నేనేనండీ."

"నువ్వా? చిన్నపిల్ల గొంతులా ఉందే. ఆ రాత చూసి ఎవరో ముసలాయన అనుకున్నాను. నేను ఆ ముగ్గురిలో పెద్దదాన్నమ్మా. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మా అమ్మ పోయిందని మీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

నేను గబగబా వాళ్ళ ఫైలు దగ్గరికి లాక్కున్నాను.

"ఒకసారి అడిగారు, పంపాం. మళ్ళీ అడిగారు. సరే, మసగ్గా వచ్చిందేమో అనుకున్నాం. మళ్ళీ అడిగితే వెనకవైపు కూడా తీశాం. ఆ తర్వాత మా చెల్లెలు సెలవు పెట్టుకుని వెళ్ళి ముద్ర వేయించుకొచ్చింది. ఇక నేను ఆ కాగితాన్ని బీరువాలో పెట్టడం మానేశాను, ఎప్పుడడుగుతారో తెలీదని. భోజనాల బల్ల మీదే ఉంటోంది. దాన్ని చూస్తూ తింటున్నాం. ఇప్పుడేమో సహకరించడం లేదని రాశారు. ఏం, మా అమ్మ చావలేదంటారా?"

"అయ్యో, అది కాదండీ. నేను అడిగింది ఆ కాగితం కాదండీ."

"మూడో నంబరు పంపమని రాయలేదూ?"

"రాశానండీ. మూడో నంబరంటే మీ తమ్ముడుగారి సమ్మతి పత్రమండీ."

అవతల ఆవిడ, "ఆ గోడ మీది కాగితం ఇటివ్వవే" అని ఎవరితోనో అన్నది. టేపు ఊడదీసిన చప్పుడు వినిపించింది.

"ఇదిగో, మీ మొదటి ఉత్తరం ప్రింటు తీసి గోడకు అంటించుకున్నాం. మూడు, అమ్మగారి మరణ ధ్రువపత్రం. సమ్మతి పత్రం ఏడోది."

"ఏడోదా? నా జాబితాలో ఏడు లేదండీ. మొత్తం మూడే ఉన్నాయి."

"మూడేమిటమ్మా, ఏడు అడిగి!"

అప్పుడు స్క్రీన్ వైపు చూశాను. ఒకటి, పన్ను రసీదు. రెండు, కొలతల పటం. మూడు, సమ్మతి పత్రం. చివరి వరస కింద ఊరికే ఇంకో వరస కొట్టాను. దాని పక్కన నాలుగు అని దానంతటదే పడింది. పైన ఒక వరస తీసేశాను. నాలుగు మూడైంది, మూడు రెండైంది. బెంచీ మీద ఒక పిల్ల లేవగానే మిగిలినవాళ్ళు జరిగి కూర్చున్నట్టు, నేను ఒక్కో వరస తీసేసినప్పుడల్లా కిందవన్నీ పైకి జరిగి కొత్త నంబర్లు తగిలించుకున్నాయి. వాళ్ళ గోడ మీద మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ఏది అడిగినా నా దగ్గర మూడో నంబరు ఉంటూనే ఉంది, వాళ్ళింట్లో మూడో నంబరు వాళ్ళమ్మే.

అడ్డదిడ్డంగానే చెప్పాను ఆవిడకు. నాకే సరిగా అర్థం కాలేదు, ఇంకొకరికేం చెప్తాను? అయినా ఆవిడకు అర్థమైంది.

"అయితే నువ్వు ఐదు, ఆరు, ఏడు ఎప్పటికీ అడిగేదానివి కాదన్నమాట."

"నా దగ్గర ఆ నంబర్లే లేవండీ."

"మేం ఆ మూడూ కవర్లో పెట్టుకుని కూర్చున్నాం, ఎప్పుడడుగుతారా అని. పోనీ పంపేద్దామక్కా అని చెల్లెలు అంటే నేనే వద్దన్నాను. అడిగినవే పంపాలి, గందరగోళం చెయ్యకూడదని రాశారుగా!"

ఆవిడ నవ్విందో నిట్టూర్చిందో తెలియలేదు. నేను క్షమించమన్నాను. రెండుసార్లో మూడుసార్లో అన్నాను.

"నువ్వు క్షమించమనడం సరేలే. నాకో పని చేసిపెట్టు. మేం ఏమీ దాచలేదని మీ మేడంకి చెప్పు. నేను చెప్తే సాకనుకుంటారు. నువ్వు చెప్పు."

"చెప్తానండీ" అనేశాను. ఫోను పెట్టేశాక గాని, ఏమన్నానో తలకెక్కలేదు. ఆవిడ దాచలేదని చెప్పడమంటే తప్పు నేను చేశానని చెప్పడమే.

పది నిమిషాల్లో మూడు కాగితాలూ వచ్చేశాయి. ప్రింటు తీసి ఫైల్లో కట్టాను. పైకొచ్చిన బాబాయ్‌కి జరిగిందంతా చెప్పాను.

"అదృష్టవంతురాలివి. ఫైలు నిండింది కదా. రేపు బల్ల మీద పెట్టి నోరు మూసుకుని నిలబడు."

"ఆవిడకు మాటిచ్చాను బాబాయ్."

"మాటిస్తే ఇచ్చావులే. ఆవిడకి ఇల్లు చేతికొస్తే ఇదంతా గుర్తుంటుందా? నీకు మాత్రం ఉద్యోగం పోతే రోజూ గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళుగా నేను ఇలాగే నంబర్లు రాస్తున్నాను. ఒక్కరంటే ఒక్కరు ఫోను చెయ్యలేదు."

"మీరు కాగితం మీద పెన్నుతో కొట్టేసేవారు కదా బాబాయ్. కొట్టేసినా నంబరు అక్కడే ఉంటుంది. ఇక్కడ తీసేస్తే జరిగిపోతోంది."

బాబాయ్ ప్రింటరు మూత తెరిచి లోపల చూడడం మొదలుపెట్టాడు. అప్పుడది ఆగలేదు, బాగానే ఉంది.

శుక్రవారం రెండింటికి లాయరమ్మ ఫైలు తెరిచారు. నేను బల్ల ఇవతల నిలబడ్డాను. ఆవిడ తిప్పుతూ తిప్పుతూ మరణ పత్రాల దగ్గర ఆగారు. వచ్చిన కాగితం ఏదీ పారెయ్యకూడదు కాబట్టి ఐదూ కట్టేశాను.

"ఒకే పత్రం ఐదుసార్లు పంపారా? చూశావా, ఎలా కాలయాపన చేశారో. గట్టిగా రాస్తే గాని కదల్లేదు." ముఖంలో సంతోషం కనిపించింది. "ఫైలు బాగా కట్టావు."

అక్కడే ఊరుకుంటే సరిపోయేది. నా కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి కూడా. భోజనాల బల్ల మీది ఆ కాగితం ఒకటే కళ్ళకు కట్టింది.

"వాళ్ళు కాలయాపన చెయ్యలేదండీ. నేనే ఐదుసార్లు... అంటే నేను అది అడగలేదు, కానీ వాళ్ళకి అదే అడిగినట్టు. నంబర్లు జరిగిపోయాయండీ. వాళ్ళవి జరగలేదు."

"ఏం జరగలేదు? నిదానంగా చెప్పు."

నిదానంగా చెప్పినా అంతే. చివరికి నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, స్క్రీన్ మీద ఒక వరస తీసి చూపించాను. లాయరమ్మ వంగి చూశారు. ఇంకోటి తియ్యమన్నారు. తీశాను. ఆవిడ ముఖం మెల్లగా మారింది. నన్ను తిడతారనుకున్నాను. వేరే ప్రశ్న అడిగారు.

"ఇలా నంబర్లతో గుర్తు చేసిన ఫైళ్ళు ఇంకెన్నున్నాయి?"

అది నాకు తట్టనే లేదు. లెక్కపెట్టాను. "పదకొండండీ."

"అంటే పదకొండు ఇళ్ళవాళ్ళను మనం ఏమడిగామో మనకే తెలియదు." ఆవిడ నా కుర్చీలో కూలబడ్డారు. బాబాయ్ తన సొరుగులో దేనికోసమో చాలా శ్రద్ధగా వెతుకుతున్నాడు. లాయరమ్మ అటు చూసి, ఇటు చూసి, "ఆ ముగ్గురిలో పెద్దావిడ ఫోను నంబరివ్వు" అన్నారు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ఏం మాట్లాడారో వినపడలేదు. చాలాసేపు మాట్లాడారని మాత్రం తెలుసు.

బయటికొచ్చి అన్నారు. "ఉంచుకుంటానని ఇప్పుడు చెప్పలేను. వద్దని కూడా చెప్పలేను. ఆ పదకొండు మందికీ మళ్ళీ రాయి. నంబర్లొద్దు, ఏ కాగితం కావాలో దాని పేరు పెట్టి అడుగు. ఇంకో నెల చూస్తాను."

"సరేనండీ" అన్నాను. సంతోషించాలో దిగులు పడాలో తెలియక ఫైళ్ళు దించుకుని కూర్చున్నాను. కాసేపటికి బాబాయ్ చెయ్యి చాపి, "ఐదు ఫైళ్ళు ఇటు పడెయ్" అన్నాడు నా వైపు చూడకుండానే.

మూడున్నరకు మెట్లు దిగుతూ మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఇంకో నెల అన్నారండీ."

"అంటే ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"పోలేదు. అలాగని ఇచ్చామనీ అనలేదు."

"మరి ఆ గొంతేమిటి? ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"అదే తెలియడం లేదండీ."

పెద్దమ్మ ఇంటికి చేరేసరికి ఇంకా నాలుగు కాలేదు. బుడ్డిది ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం గదంతా వెతుకుతోంది. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏమమ్మా, నీ ఉద్యోగం సంగతి తేలిందా? సోమవారం పిల్లని తెస్తావా, మానేస్తావా? ఇంకొకావిడ అడుగుతోంది" అంది.

"ఈ నెలంతా తెస్తాను పెద్దమ్మా" అన్నాను. "ఆ తర్వాత సంగతి నన్నడగకు."